రెక్క అడుగున ఎరుపు

2013, వేసవి అప్పుడే ముదురుతోంది. రాజాంలో పాలకొండ రోడ్డు మీద మా పెయింట్ల కొట్టు. గోడ రంగులు, ఎనామిల్, వార్నిష్‌తో పాటు నీళ్ళ ట్యాంకులు పోసేవాళ్ళ కోసం ఫైబర్ సామాను కూడా అమ్ముతాం. ఫైబర్ సామానంటే గాజునారతో నేసిన గుడ్డ, దాన్ని తడిపి గట్టిపరిచే రెజిన్. రెజిన్ చిక్కటి జిగురులా ఉంటుంది, హార్డెనర్ కలిపితే కాసేపటికి రాయైపోతుంది. మా ఆయన పోయాక అప్పటికి తొమ్మిదేళ్ళుగా కొట్లో నేనే కూర్చుంటున్నాను. పిల్లల్లేరు. కొట్టు వెనక రెండు గదులు, పైన డాబా, నేను. “ఆడమనిషి ఏటి నడుపుతాది, ఏడాదిలో షట్టరేసేస్తాది” అన్నవాళ్ళే ఇప్పుడు నా దగ్గర రంగులు కొంటున్నారు. నాకు నోరు కాస్త పెద్దది. అది పెద్దది కాబట్టే కొట్టు నిలబడింది.

ఆ ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం సన్నగా పొడుగ్గా ఉన్న ఒకాయన వచ్చాడు. అరవై దగ్గర పడుంటాయి. చొక్కా జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. “ఎపాక్సీ రెజిన్, గాజుగుడ్డ” అని రాసుంది.

“దేనికండీ? ట్యాంకుకా?”

“కాదమ్మా. రెక్కకి.”

“ఏ రెక్క? ఫ్యాను రెక్కా?”

“ఇమానం రెక్క.”

నాకు నవ్వొచ్చేసింది. ఆపుకోవడం నాకు చేతకాదు. ఆయన కోపగించుకోలేదు. “నవ్వమ్మా, నవ్వు. నవ్వనోడు ఈ రాజాంలో నాకింకా తగల్నేదు,” అన్నాడు.

పేరు తవిటినాయుడు. రాజాంకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరి రైతు కుటుంబం. వైమానిక దళంలో పద్దెనిమిదేళ్ళు విమానాలు కడిగి, తుడిచి, బోల్టులు బిగించి వచ్చాడు. ఒక్కసారి కూడా ఎక్కి ఎగరలేదు. ఆ తర్వాత ఎక్కడెక్కడో వాచ్‌మన్ పనులు చేశాడు. భార్య పోయింది. ఇప్పుడు రాజాం శివార్లో మూతబడ్డ గోగునార గోదాం ఒకటి అద్దెకి తీసుకుని, విదేశం నుంచి పోస్టులో ప్లాన్లు తెప్పించుకుని, ఒక్క మనిషి పట్టే విమానం కడుతున్నాడు. ఇలా సొంతంగా కట్టుకునేవాటిని హోమ్‌బిల్ట్ అంటారట.

ఆ రోజు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎపాక్సీ నా దగ్గర లేదు. లేదని ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదని మా వర్తకుల ఇళ్ళలో ఉగ్గుపాలతో నేర్పుతారు. కందిపప్పడిగితే లేదనం, ఈ మధ్య పెసరపప్పు బాగుందంటాం. అదే అలవాటుతో పాలియెస్టర్ రెజిన్ డబ్బా తీసి ముందు పెట్టాను. ట్యాంకులకి వాడేది అదే.

“రెజినంటే రెజినే నాయుడుగారూ. ఈ సుట్టుపక్కల అందరూ దీన్నే వాడతారు.”

ఆయన చీటీ వంక, డబ్బా వంక మార్చి మార్చి చూశాడు. “పుస్తకంలో ఇంకో పేరుందమ్మా.”

“పుస్తకం రాసినోడు రాజాం వచ్చి సూసేడేటి?”

మొహమాటస్తుడు. పట్టుకెళ్ళాడు.

నాలుగో రోజు సైకిల్ వెనక గోనెసంచి కట్టుకుని వచ్చాడు. సంచిలోంచి మూరెడు తెల్లటి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. అది ఫోము. థర్మోకోల్ లాంటిదే, కాస్త గట్టి రకం. ఇటువంటి విమానాలకి లోపల ఆ ఫోము, పైన గాజుగుడ్డ, రెండిటినీ పట్టి ఉంచేది రెజిన్. దీన్నే కాంపోజిట్ అంటారు. నేనిచ్చిన రెజిన్ తగలగానే ఆ ఫోము వేడి పెనం మీద వెన్నముద్దలా కరిగి గుంటలు పడిపోయింది. పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే ద్రావకం ఈ రకం ఫోమును తినేస్తుంది. ఎపాక్సీ తినదు. ఆ సంగతి నాకు తెలీదు. తెలీనిదాన్ని తెలీనట్టు ఊరుకోవచ్చు కదా!

“పదేను రోజులు కోసినానమ్మా దీన్ని,” అన్నాడు.

“తిట్టండి నాయుడుగారూ. పడతాను.”

“తిడితే అతుక్కుంటాదేటి?” అని స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

ఆయన తిట్టుంటే బాగుండేది. విశాఖపట్నం ఫోన్ చేసి, ఎపాక్సీ, కొత్త ఫోము దిమ్మ తెప్పించి, ఆటోలో వేసుకుని గోదాంకి నేనే వెళ్ళాను. రేకుల కప్పు, గోగునార పాత వాసన, మధ్యలో రెండు బల్లల మీద పొడుగాటి తెల్లటి దిమ్మలు. పక్కన ఒక మడతమంచం, ఒక స్టవ్వు. అంత పెద్ద గోదాంలో ఆ మనిషి బతికేది ఆ మూల ఆరడుగుల్లో. నాకు మా డాబా మీది బట్టల తీగ గుర్తొచ్చింది. దాని మీద తొమ్మిదేళ్ళుగా ఒక్క మనిషి బట్టలే ఆరుతున్నాయి.

పని చూపించాడు. సన్నటి తీగని విల్లులా బిగించి, బ్యాటరీతో వేడెక్కించి, ఫోములోంచి నెమ్మదిగా లాగుతాడు. రెక్క ఆకారం దారంతో గుడ్డు కోసినంత నున్నగా వస్తుంది. అచ్చులక్కర్లేదు. ఆ ఆకారం మీద గాజుగుడ్డ పరిచి, ఎపాక్సీతో తడిపి, ఎక్కువైన రెజిన్‌ని గరిటెతో గీకేస్తాడు. రెజిన్, హార్డెనర్ గ్రాముల్లో తూచి కలపాలి. తేడా వస్తే అది ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. అన్నీ ఆయనే, ఒంటి చేత్తో. గుడ్డ ఒక కొస పట్టుకోడానికి కూడా మనిషి లేడు. గుడ్డ జారిపోకుండా అవతలి కొస మీద ఇటుక పెడుతున్నాడు.

“ఇటుక తీసీండి,” అని నేను పట్టుకున్నాను.

అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం మా కొట్టుకొచ్చేవాడు. ఆ రోజు మా వీధిలో సగం కొట్లు సెలవు, గిరాకీ పలచన. ఇసుక కాగితమనో, బ్రష్షనో వంక. టీ తెప్పించేదాన్ని. రెండు గంటలు కూర్చునేవాడు. గట్టిపడిన రెక్కని ఎలా నున్న చేస్తారో చెప్పేవాడు. ఎపాక్సీలో కంటికానని గాజుబుడగల పొడి కలిపి పూసి, నెలల తరబడి రుద్దుతారట. మా గోడలకి పుట్టీ పెట్టినట్టే. కాకపోతే గోడకి ఇంకో కోటేస్తే నాకు లాభం, విమానానికి ఇంకో కోటేస్తే బరువు. ఆ తొమ్మిదేళ్ళలో మా కొట్టుకి వచ్చినవాళ్ళంతా రేటడిగారు, రంగడిగారు, వెళ్ళిపోయారు. కూర్చుని మాట్లాడింది ఈయనొక్కడే. శుక్రవారం పొద్దున్న నేను మంచి చీర కట్టుకుంటున్నానని నాకే తెలిసి ఒకసారి నన్ను నేను తిట్టుకున్నాను. ఈ వయసులో ఏటీ వేషాలని. వేషాలు కావు. మాట్లాడే మనిషి కోసం అంతే.

రంగు మాట 2015 ఏప్రిల్లో వచ్చింది. షేడ్ కార్డు, అంటే రంగుల నమూనా పుస్తకం, ముందేస్తే పేజీలు తిప్పకుండానే అన్నాడు, “ఎరుపు. ముదరెరుపు. పై నుంచి కింద దాకా.”

ఈసారి నేను ముందే చదువుకుని ఉన్నాను. ఫోము దెబ్బ తగిలాక బుద్ధొచ్చి, ఎపాక్సీ డబ్బాతో వచ్చిన కాగితం ఒక కాలేజీ లెక్చరరు చేత చదివించుకున్నాను. ఎంత గట్టిపడిన ఎపాక్సీకైనా ఒక వేడి ఉంటుంది. ఆ వేడి దాటితే మళ్ళీ మెత్తబడడం మొదలెడుతుంది. దాన్ని గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు. ముదురు రంగు ఎండని తాగుతుంది. అందుకే ఇటువంటి విమానాలన్నీ తెల్లగానే ఉంటాయి. అది సోకు కాదు, ప్రాణం.

“తెలుపు తప్ప వెయ్యకూడదు నాయుడుగారూ. మీ పుస్తకంలోనే ఉంటాది.”

“ఉన్నాది,” అన్నాడు తాపీగా. “తెల్లగా ఉంటే ఆడు కొంగనుకుంటాడు.”

“ఎవరు?”

ఆ రోజు చెప్పాడు. తమ్ముడు సింహాద్రినాయుడు. ఈయన ఉద్యోగంలో ఉండగా ఇద్దరి పొలాల మధ్య గట్టు మీదున్న తాటిచెట్టు తమ్ముడు కొట్టించి పశువుల శాలకి దూలం వేసుకున్నాడు. తిరిగొచ్చాక అడిగాడు. మాటా మాటా పెరిగింది. పదిమందిలో తల్లి మీద ఒట్టేసి, నీ గుమ్మం తొక్కనన్నాడు. పదిహేనేళ్ళైంది. మా వైపు పల్లెల్లో గుమ్మం మీద వేసిన ఒట్టంటే ఆషామాషీ కాదు. తప్పినవాడి మాటకి ఊళ్ళో ఇక తూకం ఉండదు.

“గుమ్మం తొక్కనన్నాను గాని, ఇంటి మీదగా ఎల్లనన్నేదు కదా?” అన్నాడు. “ఎర్రగా ఉంటే తలెత్తి సూస్తాడు. మా అమ్మ ఎర్రచీర కడితే ఊరవతల కళ్ళంలోంచి కూడా ఇద్దరం గుర్తు పట్టీవోళ్ళం. సూస్తే ఎవుడని అడుగుతాడు. ఎవుడో ఒకడు సెప్తాడు. అంతేనమ్మా నాక్కావాల్సింది.”

రెండేళ్ళు ఆ మనిషి పక్కన గుడ్డ కొస పట్టుకున్నాను. ఎందుకు కడుతున్నాడో అప్పటిదాకా నాకు తెలీదు. తెలిశాక కూడా ఎరుపు అమ్మనన్నాను.

“డబ్బిస్తాను కదమ్మా!”

“మీరు పడి సచ్చిపోతే ఆ ఎరుపు నా కొట్టుది. అమ్మను.”

మాటలతో వినే రకం కాదు. అందుకని మే నెలలో మా డాబా మీద పరీక్ష పెట్టాను. ఒకే కొలత ఫోము పట్టీలు మూడు, మూడిటి మీదా ఒకేలా గాజుగుడ్డ వేసి ఆయనే చేసిచ్చాడు. ఒకదానికి తెలుపు, ఒకదానికి పసుపు, ఒకదానికి ఆయన ముదరెరుపు నేనే వేశాను. రెండు కొసలకీ ఇటుకలు పెట్టి, మధ్యలో రెండేసి కిలోల తూకం రాళ్ళు పెట్టాం. మధ్యాహ్నం రెండింటికి ఎక్కి చూస్తే తెల్లదాని మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాను. పసుపు చురుక్కుమంది. ఎర్రదాన్ని ముట్టుకుని “ఓలమ్మో” అని చెయ్యి లాగేసుకున్నాను. మధ్యలో రెండు వేళ్ళ లోతు కుంగి ఉంది.

నాయుడుగారు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు నెత్తిమీదేసుకుని ఆ వంగిన పట్టీనే చూస్తున్నాడు. “అయితే కొంగే,” అన్నాడు చివరికి.

దారి దొరికింది మా వృత్తిలోంచే. మేడ మెట్లు దిగుతుంటే ఎదురింటి సన్‌షేడు కనిపించింది. కిటికీ పైన ఎండ పడకుండా కట్టే పలక. దాని పైవైపు రంగు రెండేళ్ళలో వెలిసిపోతుంది. కిందివైపు రంగు పదేళ్ళైనా అలాగే ఉంటుంది, అక్కడ ఎండ పడదు కనక. రంగులమ్మేవాళ్ళకి తెలిసిన సంగతే. అక్కడే నిలబడి అరిచాను.

“నాయుడుగారూ! ఆడు ఎటునుంచి సూస్తాడు? కిందనుంచే కదా?”

“కిందనుంచే. ఏటైతే?”

“ఎండ పైన పడతాది. తమ్ముడి సూపు కిందన పడతాది. పైన తెలుపు, అడుగున ఎరుపు!”

మూడు మెట్లు ఒకేసారి దిగాడు ఆ ముసలాయన. మర్నాడు ఇంకో పట్టీకి అడుగున ఎరుపు, పైన తెలుపు వేసి ఎండలో పెట్టాం. సాయంత్రానికి అది కుంగలేదు. ఆ చలికాలంలో గోదాంలో దుమ్ము లేవకుండా నేలంతా తడిపి, విమానానికి పాలియురెథేన్ పెయింటు కొట్టాం. డబ్బాలో రంగు, హార్డెనర్ వేరువేరుగా వచ్చి, కలిపాక గట్టిపడే రకం అది. ఆయన రంగు చిమ్మే గన్ను పట్టాడు, నేను రంగు కలిపాను. నా చేత్తో కలిపిన రంగుల్లో అంత మంచి ఎరుపు మళ్ళీ రాలేదు. కాకపోతే ఇంజను బిగించి విమానం చక్రాల మీద నిలబడ్డాక ఆ ఎరుపు కనబడదు. చూడాలంటే కింద పడుకోవాలి.

2016లో అసలు కష్టం మొదలైంది. ఎగరడానికి అనుమతి కావాలి, దానికి ముందు డాక్టరు పరీక్ష. విశాఖలో డాక్టరు గుండె చప్పుడు విని తల అడ్డంగా ఊపాడట. ఆ కబురు చెప్పడానికి శుక్రవారం దాకా ఆగలేదు, బస్సు దిగి సరాసరి మా కొట్టుకే వచ్చాడు. నేను టీలో పంచదార ఎక్కువ వేశాను.

దసరా ముందు, ఇళ్ళకి రంగులు వేసే రోజుల్లో, ఒక రైతు వచ్చాడు. తలుపులకి ఎర్ర ఎనామిల్ కావాలన్నాడు. షేడ్ కార్డు ఇస్తే గుమ్మం దగ్గర వెలుతుర్లోకి పట్టుకెళ్ళి, ముక్కుకి ఆనించుకుని, ఒక గడి మీద వేలు పెట్టాడు. “ఇదేనా ఎరుపు?” అది కాఫీపొడి రంగు. మాట్లాడుతున్నది నాతోనే, చూస్తున్నది నా పక్కనున్న క్యాలెండరు వైపు.

“కళ్ళేటైనాయి బాబూ?”

“సుగరమ్మా. ఎడంది పూర్తిగా పోనాది. కుడిది మబ్బు. సెయ్యి సాపినంత మేర తెలుస్తాది, అంతే.”

డబ్బా మీద రాయడానికి పేరు, ఊరు అడిగాను. సింహాద్రినాయుడు, అదే ఊరు. చేతిలో మార్కరు ఆగిపోయింది. “అన్నదమ్ములెంతమంది?” అని నోరు జారింది.

“ఉన్నాడొకడు. ఉన్నా లేనట్టే.”

మా మామగారు నాకు కొట్టు అప్పగించేటప్పుడు ఒకటే మాట చెప్పారు. ఒక గిరాకీ గుట్టు ఇంకో గిరాకీ చెవిన వెయ్యకు, ఎవడింటికి ఏ రంగు ఎందుకేస్తున్నాడో వాడి సొంత సంగతి అని. బజార్లో నోరున్నదాన్ని అనిపించుకున్నాను గాని ఆ మాట ఎన్నడూ దాటలేదు. అతనికి చెప్పలేదు. ఆ శుక్రవారం నాయుడుగారు వచ్చి టీ తాగి వెళ్ళాడు. ఆయనకీ చెప్పలేదు. తర్వాతి శుక్రవారమూ అంతే. నాలుగు శుక్రవారాలు గడిచాయి.

ఐదో శుక్రవారం ఆయన గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

“సత్తెమ్మా, లేపేస్తన్నాను.”

“ఏటి లేపేది?”

“ఇమానం. గోదాం ఎనకాల ప్లాట్లు అమ్ముడవని లేఅవుటుంది కదా, ఆ గ్రావెల్ రోడ్డు నిటారుగా ఉన్నాది. సోమారం పొద్దున్నే, గాలి లేనప్పుడు. ఇప్పుడు సింహాద్రి కళ్ళంలో ఉంటాడు. ఆడి నెత్తి మీదగా ఒక్క సుట్టు.”

“కాగితం లేదు. డాక్టరొద్దన్నాడు. నడపడం ఎప్పుడు నేర్సుకున్నారు మీరు?”

“పద్దెనిమిదేళ్ళు నడిపీవోళ్ళని సూసినాను.”

“సూస్తే వచ్చీస్తాదా? దిగడం?”

“దిగితే దిగుతాను,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. “నాకోసం కనిపెట్టుకునుండీవోళ్ళు ఎవులున్నారమ్మా?”

నేనున్నానని అనలేకపోయాను. బల్ల పట్టుకుని చెప్పేశాను.

“సింహాద్రినాయుడికి కళ్ళు కనబడవు.”

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది. “ఏటి?”

“కనబడవు నాయుడుగారూ. చెయ్యి దూరం దాటితే ఏమీ తెలీదు. ఎరుపెయ్యండి, పచ్చెయ్యండి, ఆయనకి చప్పుడు తప్ప ఏటీ తెలీదు.”

“నీకెలగ తెలుసు?”

“కొట్టుకొచ్చాడు. కాఫీపొడి రంగు మీద వేలెట్టి, ఇదేనా ఎరుపని అడిగాడు.”

“ఎప్పుడు?”

“నెలైంది.”

ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. లేచి నిలబడ్డాడు. “నెల! నెల రోజులు ఎదురుగా కూకుని టీ పోసినావు గాని... ఆడికి సూపు పోనాదని సెప్పడానికి నోరు రానేదా నీకు? ఇంత నోరుందానివి!” టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా సైకిలెక్కాడు. గోదాం వైపు కాదు, పాలకొండ వైపు, వాళ్ళ ఊరి తోవన.

రెండు వారాలు రాలేదు. మూడో శుక్రవారం వచ్చాడు. కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

తమ్ముడి వాకిట్లో సైకిల్ స్టాండేసి గుమ్మం బయట నిలబడ్డాడట. పిలవలేదట. లోపల్నుంచి తమ్ముడు ఎవరదన్నాడు. ఈయన దగ్గాడు. ఆ దగ్గుకే తమ్ముడు గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. “గుమ్మం నాను తొక్కనేదమ్మా. ఆడే దాటి వచ్చినాడు,” అన్నాడు నాయుడుగారు. కొత్త ఎరుపేసిన తలుపు పక్కనే అరుగు మీద కూర్చున్నారట ఇద్దరూ. విమానం సంగతంతా చెప్తే సింహాద్రినాయుడు విని, “నాలుగు మైళ్ళ తోవకి ఇమానమెందుకురా? సైకిల్ నేదా?” అన్నాడట. చెప్తూ నాయుడుగారు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నవ్వాను కూడా.

ఆ తర్వాత గోదాం ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడు. ఒట్టు పోకుండా తమ్ముడింటికి పెరటివైపు కొత్తగా ఒక తలుపు పెట్టించుకుని అందులోంచి ఇంట్లోకి వెళ్ళేవాడు. తమ్ముణ్ణి ఆస్పత్రికి తిప్పడం, పొలం చూసుకోవడం ఆయన పని. విమానాన్ని రెక్కలు విప్పి లారీ మీద ఒక కాలేజీకి పంపాం, పిల్లలు చూసి నేర్చుకుంటారని. కొట్టుకి రావడం రెండు మూడు నెలలకోసారి అయింది. వచ్చినా నిలబడే మాట్లాడేవాడు. “తమ్ముడు ఒక్కడే ఉంటాడు సత్తెమ్మా, బేగి ఎల్లాల.” మంచిదే కదా! ఆయన రాని ఆ రెండు వారాలూ అలాగే కావాలని మొక్కుకున్నాను కదా! అయినా శుక్రవారాలు గడవక చచ్చేదాన్ని.

ముప్ఫై ఏళ్ళుగా రంగుల మధ్య ఉన్నదాన్ని. ఈ పని నాకు రెండు నేర్పింది. తెలీని సరుకు గురించి లేదని, తెలీదని చెప్పడం మొదటిది. ఫోము ముక్కతోనే అది నేర్చుకున్నాను, మళ్ళీ తప్పలేదు. రెండోది చెప్పుకోడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ నాలుగు శుక్రవారాలు నేను నోరు మూసుకున్నది మా మామగారి మాట కోసమని అందరికీ చెప్పాను, నాయుడుగారికి కూడా. ఆయన నమ్మాడు, క్షమించాడు. కానీ నిజం అది కాదు. చెప్తే తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతాడని, నా ఎదురుగా ఉన్న స్టూలు ఖాళీ అవుతుందని చెప్పలేదు.

ఒకసారి వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు. నేను సంగతి దాచిన ఆ నెలలో ఎవరికీ తెలీకుండా రెండుసార్లు ఆ గ్రావెల్ రోడ్డు మీదికి వెళ్ళి ఇంజను వేశాడట. రెండోసారి చక్రాలు జానెడు నేల విడిచాయట. భయమేసి దింపేశానన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేదు. అది ఏ రోజని అడిగాను. గురువారం అన్నాడు. ఆ మర్నాడు నేను మంచి చీర కట్టుకుని, ఆయనకి టీ పోసి, తమ్ముడి మాట ఎత్తకుండా ఇంకో వారం కూర్చోబెట్టుకున్నాను.